ఏడాదికో బియ్యపు గింజ

నేను ఒక సిమెంటు దిమ్మెను. మనిషి నడుము దాకా వస్తాను. నెత్తిన ఇత్తడి బొడిపె ఒకటి ఉంటుంది. ఉత్తరాన కుమావూన్ కొండల్లో, ధౌన్‌సారీ అనే ఊరి చివర, లోయ అంచున నా కాపురం. మీరు చూసిన రాళ్ళన్నీ కదలకుండా ఉండడానికే పుట్టాయి. మైలురాయి గానీ, పొలం గట్టు రాయి గానీ కదిలిందంటే గొడవే. నేను మాత్రం కదలడానికి పుట్టాను. అదే నా ఉద్యోగం. అందుకే ఎవరైనా ఎవరినైనా "బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావేం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నన్ను పోసినవాడు పాలమూరు మేస్త్రి ఎల్లప్ప. కొండ కింద సొరంగం పనికి అంత దూరం వచ్చాడు. నాలో ఇసుక ఎంత ఉందో అతని తిట్లూ అంతే కలిశాయి. ఆ పుణ్యాన నాకు తెలుగు అబ్బింది. లోకం ఏ భాషలో మాట్లాడినా నా చెవిన తెలుగులోనే పడుతుంది. అదే బస్తాలో మిగిలిన సిమెంటుతో లోయ అవతల సిల్‌కోట్ అనే ఊళ్ళో నా తమ్ముణ్ణి పోశాడు.

"బండలకు ఇనుప చువ్వలు దింపిన మేడం. కొండ కూలితే కూలుతది గని, ఇది ఊడదు" అని చెప్పి బీడీ ముట్టించాడు.

మేడం అంటే హైమవతి. కాకినాడ అమ్మాయి, భూకంపాల శాస్త్రం చదివింది. ఏటా ఒకసారి పెట్టె మోసుకుంటూ వచ్చి, నా నెత్తిన పుట్టగొడుగులాంటి యంత్రం బిగించి, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను అడిగి నేను ఎక్కడున్నానో కనుక్కుంటుంది. దక్షిణం నుంచి మన దేశపు నేల వచ్చి ఈ కొండల కిందికి దూరుతోందట. ఆ తోపుడుకి కొండలు ముడుచుకుంటుంటే నేనూ తమ్ముడూ దగ్గరవుతున్నామట. ఎంతనుకున్నారు? ఏడాదికి ఒక బియ్యపు గింజ పొడవు. మా మధ్య ఉన్న లోయేమో ఎనభై గజాలు. అయినా ఆ లెక్క తేలిన రోజున హైమవతి నన్ను వాటేసుకుంది. మనుషులు దేనికి మురుస్తారో ఎవరు చెప్పగలరు?

మా ఊళ్ళో బచులీ దేవి అని ఒకావిడ ఉంది. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురు హన్సీని అవతలి సిల్‌కోట్‌కే ఇచ్చింది. రెండు ఊళ్ళ మధ్యా రాకపోకలకి ఒక ఇనుప తీగ, దానికి వేలాడే ఇనుప తొట్టె, అంతే. అందులో కూర్చుంటే గట్టు మీదివాళ్ళు తాడు పట్టి లాగాలి. ఆ తాడు తిరిగే కప్పీలో నలిగి బచులీ కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. వేళ్ళ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు. హన్సీ తొలి కాన్పు కష్టమైనప్పుడు, ఆసుపత్రి రోడ్డు ఇటు ఉండి, పిల్ల అటు ఉండి, దాటించే లోపే బిడ్డ పోయింది. ఆ సంగతి మాత్రం కనబడిన ప్రతివాడికీ చెబుతుంది. ఇప్పుడు హన్సీకి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. బచులీకి కావలసింది ఒక్కటే, వంతెన.

దానికోసం ఆమె తిరగని ఆఫీసు లేదు. చివరికి వంతెనల ఇంజనీరు ఖర్కవాల్ గారు వచ్చి బడి వరండాలో సభ పెట్టాడు. పనిలో పనిగా హైమవతిని కూడా పిలిపించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పాపం, ఆమె సంతోషం పట్టలేక గోదావరి యాసలో హిందీ మాట్లాడుతూ అసలు మాట అనేసింది.

"మీ రెండూళ్ళూ ఏటేటా దగ్గరవుతున్నాయండీ."

హల్వా తింటున్న ఖర్కవాల్ చెయ్యి ఆగింది. "ఎవరు చేస్తున్నారు ఈ పని?"

"భూమేనండి."

"ఖర్చు?"

"భూమికి ఖర్చేముంటుందండీ?"

ఆయన చెయ్యి తుడుచుకుని లేచాడు. "విన్నారుగా. వంతెన పని ప్రకృతి ముందే మొదలుపెట్టేసింది. ఒకే పని ఇద్దరు చేయడం నిబంధనలకి విరుద్ధం. ఓపిక పట్టండి. ఒడ్లు వాటంతటవే కలుస్తాయి."

"అయ్యో, అలా కాదండీ. ఒంచిన వెదురులాంటిదండీ ఇది. భూకంపం వస్తే మళ్ళీ వెనక్కి..." అంటూ హైమవతి మెట్లు దిగేసరికే జీపు మలుపు తిరిగింది.

మర్నాటి నుంచి నాకు తిప్పలు మొదలయ్యాయి. బచులీ పొద్దున్నే వచ్చి నా నడుముకి భుజం ఆనించి లోయ వైపు తోయడం మొదలుపెట్టింది.

"ఒరేయ్ దిమ్మెగా, మా హన్సీకి టైము దగ్గర పడుతోంది. కాస్త కాళ్ళు ఆడించరా."

ఆమెని చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఊరంతా తోసింది. ఎవరో దున్నపోతుని కూడా కట్టి చూశారు. నేను ఎక్కడి గొంగళి అక్కడే. నాకు తలకొట్టేసినట్టుండేది. ఎల్లప్ప పనితనానికి నేను సిగ్గుపడింది అప్పుడొక్కప్పుడే.

నెల తిరక్కుండా ఆ ఏటి కొలతకి హైమవతి వచ్చేసరికి బచులీ తోస్తూనే ఉంది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"నీ రాయికి బద్ధకం ఎక్కువ. నడిపిస్తున్నా."

"తోస్తే కదలదండీ అది."

"నువ్వన్న మాటకే కదా వంతెన ఆపేశారు? అయితే నువ్వూ ఒక చెయ్యి వెయ్యి."

హైమవతి పెట్టె కింద పెట్టి, కళ్ళద్దాలు తీసి జేబులో వేసుకుని, బచులీ పక్కన నిలబడి తోయడం మొదలుపెట్టింది. అంత చదువుకున్న పిల్ల! నాకు నవ్వొచ్చింది, గుండె కూడా కలుక్కుమంది.

వాళ్ళిద్దరూ అలిసి కూర్చున్నాక, సరిగ్గా అప్పుడే, కొండ కదిలింది. ముందు కింద ఎక్కడో బరువైన బండి దొర్లినట్టు మోత వచ్చింది. ఆ తర్వాత నేల నన్ను పట్టుకుని చేటలో బియ్యంలా చెరిగింది. ఇళ్ళ పైకప్పుల పలకలు రాలాయి, పశువులు తాళ్ళు తెంపుకున్నాయి. మనుషులకి దెబ్బలు తగిలాయే గాని ప్రాణాలు పోలేదు. కానీ తీగని మా వైపు మోసే స్తంభం పునాదితో సహా కూలింది. తీగ లోయలోకి జారి వేలాడింది.

అవతలి నుంచి కేక వినబడింది. "బచులీ దీదీ, హన్సీకి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు."

మగవాళ్ళు తీగని పైకి లాగారు. దేనికి కట్టాలి? గట్టున కదలకుండా మిగిలింది నేనొక్కణ్ణే. అందరూ హైమవతి వైపు చూశారు. భూకంపం వచ్చిన రోజున నేనెంత జరిగానో కొలవాలని ఆమె ఇన్నేళ్ళుగా చలిలో, వానలో పడి వచ్చింది. అటువంటి రోజు మళ్ళీ ఆమె బతుకులో రాకపోవచ్చు. కొలవాలంటే యంత్రం కనీసం ఒక రోజు నా నెత్తిన కూర్చోవాలి. తీగ కడితే నేను వంగుతాను, వంగితే ఆ కొలత ఏట్లో కలిసినట్టే.

"బేటీ..." అని బచులీ ఆగిపోయింది.

"కట్టండి" అంది హైమవతి. అని, అటు తిరిగి ఏడ్చింది.

కట్టారు. అవతలివాళ్ళు హన్సీని తలుపు చెక్క మీద పడుకోబెట్టి తొట్టెలో దించారు. తాడు లాగేకొద్దీ తల్లీ, కడుపులో బిడ్డా, ఇద్దరి బరువూ నా మెడ మీద పడింది. నాలో చువ్వలు మూలిగాయి. నెత్తిన ఇత్తడి బొడిపె వంకర పోయింది. నాకు భయం వేసింది, నిజంగా వేసింది. తొట్టె ఒడ్డు చేరేసరికి నేను తమ్ముడి వైపు జానెడు ఒరిగాను. హన్సీని హైమవతి తన జీపులోనే ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ రోజుతో నా ఉద్యోగం పోయింది. వంగిన దిమ్మెని ఎవరు కొలుస్తారు? మేకల్ని కట్టేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాను.

నష్టం రాసుకోవడానికి ఖర్కవాల్ మళ్ళీ దిగాడు. నా ఒరుగుడు చూసి టేపు తీశాడు. "జానెడు దగ్గరైంది! నేను చెప్పలేదూ? పైగా తీగకి కొత్త స్తంభం కూడా దొరికింది. ఇక వంతెన మాటే వద్దు" అన్నాడు. అవతలి ఒడ్డు ఎంత జరిగిందో చూసి వస్తానని దర్జాగా తొట్టెలో కూర్చున్నాడు.

తాడు లాగింది బచులీ, తక్కిన ఆడవాళ్ళు. సరిగ్గా లోయ నడుమ తొట్టె ఆగింది. బచులీ తాడుని నా నడుముకి చుట్టి, కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది.

"ఏమైంది? లాగండి" అన్నాడాయన. కింద ఏరు హోరెత్తుతోంది.

"ఓపిక పట్టండి సాబ్. ఒడ్డు దానంతటదే వస్తుంది. ఏడాదికో బియ్యపు గింజ."

కాసేపు ఆయన నిబంధనలు చెప్పాడు. తర్వాత బెదిరించాడు. గాలికి తొట్టె ఊగడం మొదలయ్యాక గొంతు మారింది. వంతెన సంగతి చూస్తానన్నాడు.

"ఏటి హోరులో వినబడలేదు సాబ్" అంది బచులీ. "అవతలి ఊరికి కూడా వినబడేట్టు చెప్పండి."

వంతెన కట్టిస్తానని ఆయన మూడోసారి అరిచినప్పుడు సిల్‌కోట్ గట్టు మీద జనం చేతులు ఊపారు. అప్పుడు బచులీ లేచి, మిగిలిన మూడు వేళ్ళతో తాడు అందుకుంది.