ఉగాదికి పెట్టిన చుక్కలు

ఉగాది రోజు పంచాంగం చదివాక నేను చేసే పని ఒకటి ఉండేది. పూజ అల్మరా తలుపుకు తగిలించిన తెలుగు క్యాలెండర్‌లో, మా ఆవిడ మంగాదేవి ముట్టు తేదీలకు, ఇరవై ఎనిమిది రోజులకొకటి చొప్పున, ఏడాది మొత్తానికి ఎర్ర చుక్కలు పెట్టేవాణ్ణి. వ్రతాలకు తేదీలు ఆ చుక్కలు చూసే కుదుర్చుకునేవాళ్ళం.

ఇంకో లెక్క కూడా వాటితోనే నడిచేది. అది ఎవరికీ చెప్పేది కాదు. మా అమ్మాయి శ్రీవల్లి పుట్టినప్పుడు మంగకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. రెండు రోజులు మనిషి దక్కుతుందో లేదో తెలియలేదు. మళ్ళీ కడుపు వస్తే ప్రమాదమని విజయవాడలో డాక్టర్లు గట్టిగా చెప్పారు. అందుకని పద్నాలుగేళ్ళుగా చుక్కకు ముందు వారం, తర్వాత వారం మాత్రమే మాకు భయం లేని రోజులు. ఆ లెక్క నాది. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, అడిగి తెలుసుకున్నదీ కాదు.

ఈ దేశం వచ్చాక, క్లాండాల్కిన్ అనే ఊళ్ళో మందుల ప్లాంట్‌లో ప్యాకింగ్ లైను మీద పనిచేస్తాను. ప్రతి డబ్బాలో మందుతోపాటు, అది ఎలా వాడాలో రాసిన మడత కాగితం ఉందో లేదో చూడటం నా పని. కాగితం లేని డబ్బా ఒక్కటి కనపడినా లైను ఆపేస్తాం. పదకొండేళ్ళలో ఒక్కటి కూడా దాటిపోనివ్వలేదు.

ఈ శ్రావణంలో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పంతులుగారికి ఖాళీ ఉన్న ఆదివారం ఒక్కటే. చుక్క సరిగ్గా దానిమీదే ఉంది. మా చెల్లెలు అపర్ణ ఎప్పుడో పంపిన ముట్టు వాయిదా మాత్రలు ఇంట్లో ఉన్నాయి. పెళ్ళిళ్ళకూ తిరుపతికీ మావాళ్ళంతా వేసుకునేవే. కత్తెరతో కత్తిరించిన పట్టీ. డబ్బా లేదు, కాగితం లేదు. కాగితం ఏదని నాకు తోచనే లేదు.

"మళ్ళీ మాత్రలా?" అంది మంగ.

"ముప్పై మందిని పిలిచాం మంగా. ఒక్కసారికి."

"పోయినసారీ ఒక్కసారికే అన్నారు."

అయినా వేసుకుంది. వ్రతం బాగా జరిగింది. చుట్టాలు ఇంకో వారం ఉండటంతో మాత్రలు పది రోజులు సాగాయి. ఆపిన మూడో రోజున ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "వచ్చింది" అంది.

"అది మాత్రల వల్ల వచ్చిందిలే. లెక్కలోకి రాదు" అన్నాను నేను. ఆ తేదీకి చుక్క పెట్టలేదు.

తర్వాతి నెల, నా పాత చుక్కకు ముందు వారం, భయం లేదనుకున్నాం. చుక్క దాటింది. వారం దాటింది. రెండు వారాలయ్యాయి. మంగ అటకెక్కించిన బీపీ మెషీను దించి, పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం చేతికి పట్టీ చుట్టుకుని కూర్చునేది. ఆ మెషీను గాలి ఎక్కించుకునే చప్పుడు వినపడగానే నేను లేచి వెళ్ళి చుక్కలు మళ్ళీ లెక్కపెట్టేవాణ్ణి.

జీపీ దగ్గరికి, అంటే మా ఇంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నెరిసిన జుట్టు, నిదానంగా మాట్లాడే డాక్టరమ్మ.

"చివరిసారి ఎప్పుడు వచ్చింది?"

జేబులోంచి చీటీ తీసి తేదీ చదివాను.

"మిమ్మల్ని కాదు, ఆమెను అడిగాను."

మంగ నావైపు చూడకుండా చెప్పింది. "వ్రతం అయ్యాక వచ్చింది, డాక్టర్. ఆయన అది లెక్క కాదన్నారు."

ఇంగ్లీషులో ఆ మాట ఇంకా పచ్చిగా వినపడింది. డాక్టరమ్మ నా చీటీ తీసుకుని పక్కన ఒక గీత గీసింది. ఆ మాత్రలు ముట్టును వెనక్కి నెడతాయంతే, కడుపు రాకుండా ఆపవు అంది. ఆపాక వచ్చిన రక్తంతోనే కొత్త లెక్క మొదలవుతుందట. అండం విడుదలయ్యేది తర్వాతి ముట్టుకు సుమారు రెండు వారాల ముందు; అది కూడా అటూ ఇటూ జరుగుతుంది, నలభై దగ్గరపడేకొద్దీ ఇంకా ఎక్కువ. మగవాడి బీజం లోపల ఐదారు రోజులు బతికి ఉండగలదు.

"మీరు భయం లేదనుకున్న వారం, అన్నిటికంటే భయపడాల్సిన వారం" అని, "మీరు మందుల ప్లాంట్‌లో కదా? ఆ మాత్రల కాగితం చదవలేదా?" అంది.

లేదన్నాను. ప్లాంట్‌లోనైనా కాగితం ఉందా అని చూస్తాను గానీ, ఏ ఒక్కటీ విప్పి చదివింది లేదని చెప్పలేదు.

మంగ చిన్న సీసా పట్టుకుని బాత్రూముకు వెళ్ళింది. నేను చేతులు జోడించుకున్నాను. స్వామీ అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఏమని అడగను? ఆ ఆదివారం ఆమె ఒంటిని ఆపమని స్వామి నన్ను అడిగాడా? ఇంకో ఆదివారం వస్తే వద్దనేవాడా? ముప్పై మంది ముందు తేదీ మార్చలేనివాణ్ణి నేను. నెపం మాత్రం ఆయన మీద పెట్టాను.

పరీక్ష పట్టీ మీద ఒక్క గీతే వచ్చింది. కడుపు లేదని అర్థం. "మీ లెక్కకు రెండు వారాలు ఆలస్యం. ఆమె లెక్కకు నాలుగు రోజులే. వారంలో రాకపోతే మళ్ళీ పరీక్ష చేద్దాం" అంది డాక్టరమ్మ. పాత బీపీ కథ ఉంది కాబట్టి కడుపు రాకుండా ఆపే మాత్రల్లో అన్నీ మంగకు పనికిరావట. లూపు ఉంది, ఇంకొన్ని ఉన్నాయి. నాకు చిన్న ఆపరేషనూ ఉంది.

"టీకా వేస్తుంటేనే కళ్ళు మూసుకుంటారీయన" అంది మంగ. రెండు వారాల్లో అదే మొదటి నవ్వు.

ముట్టు గురించీ, కడుపు రాకుండా చూసుకోవడం గురించీ డాక్టరమ్మ ఇచ్చిన కాగితం ఇంట్లో బల్ల మీద పరిచాం. శ్రీవల్లి స్కూల్ నుంచి వచ్చింది. నా చెయ్యి దానంతటదే కాగితాన్ని కప్పేసింది. పిల్ల నా వేళ్ళ సందులోంచే చూసింది.

"ఓ, దట్. వీ డిడ్ దట్ ఇన్ ఫస్ట్ ఇయర్, డాడ్. యూ ఆర్ గ్రాండ్" అని, ఏం ఫర్వాలేదన్నట్టు, బిస్కెట్ల కోసం వంటింటి అల్మరా తలుపు తీసింది.

పన్నెండేళ్ళప్పుడే దానికి బళ్ళో చెప్పిన పాఠం. నాకు నలభై ఆరు.

"చెయ్యి తీసి చదవండి" అంది మంగ. "గట్టిగా. సిగ్గుపడి మధ్యలో మాటలు మింగకండి."

చదివాను. కొన్ని మాటలు దాటేయబోయాను. ఆమె వేలు పెట్టి చూపించింది, వదల్లేదు. చివరిదాకా చదివాక క్యాలెండర్ దించి ఆమె ముందు పెట్టాను. అది తీసుకెళ్ళి తన బట్టల అరలో పెట్టుకుంది. "పూజకు తేదీ కావాలంటే నన్నడగండి" అంది.

మూడో రోజు పొద్దున నేను దీపం వెలిగిస్తున్నాను. మంగ గుమ్మం దగ్గర నిలబడింది.

"వచ్చింది."

అగ్గిపుల్ల వేలి దాకా కాలింది.

"ఏవండీ, ఇది లెక్కలోకి వస్తుందా?"

ఎర్ర పెన్ను వెతికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.