బఠాణీ గింజంత

ఇంట్లో కంపు మొదలైనప్పుడు అందరూ ముందు నా వైపే చూశారు.

"ఏటే, మీ అమ్మగానీ ఎండుసేపలు పంపిందేటి?" అన్నాడు మా ఆయన పోలారావు, టీ గ్లాసు అందుకుంటూ. మాది సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళదీ అలాంటి ఊరే. కాకపోతే మా మావగారి కాలంలోనే వలలు అమ్ముకుని కాశీబుగ్గ వచ్చేశారు కాబట్టి, చేపల వాసన నాకొక్కదానికే మిగిలింది. "తానం సరిగ్గా సేత్తందో నేదో" అని మా అత్త తవిటమ్మ గోడతో చెప్పినట్టు చెప్పింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను వెళ్ళి మళ్ళీ స్నానం చేసొచ్చాను. కంపు పోలేదు. నెలసరి రోజులు కావడంతో నాలోనే ఏదో కుళ్ళిపోయిందని భయం పట్టుకుంది. ఎవరితో చెప్పుకుంటాను? జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచేటప్పుడు తోటి ఆడవాళ్ళకి దూరంగా, కిటికీ పక్కన కూర్చున్నాను. రాత్రి మా ఆయన అటు తిరిగి పడుకుంటే బతికాననిపించింది, మళ్ళీ ఏడుపూ వచ్చింది.

అసలు సంగతి స్వీటీ బయటపెట్టింది. స్వీటీ మా కుక్క, తెల్ల పొమేరియన్. మా ఆయన గూడ్స్ ఆటోలో జీడిపిక్కల బస్తాలు తోలుతాడు. పోయినేడు మా ఫ్యాక్టరీ షావుకారు తారకేశ్వరరావు గారు, "పట్టుకుపో పోలారావూ, జాతి కుక్క" అని ఇచ్చారు. ఆ దానం ఎందుకు చేశారో ఇప్పుడు తెలుస్తోంది. వీధిలో గొలుసు పట్టుకుని తిప్పడం మా ఆయన వంతు, మిగిలినవన్నీ నా వంతు. ఒకరోజు అది వెనకభాగం నేలకానించి, ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ గదంతా తిరిగింది. మా అమ్మాయి కళ్యాణి నవ్వింది. నేను వంగి దాని తోకెత్తాను. అదే కంపు. "నేను కాదు, నేను కాదు" అని పైకే అనేశాను. ఆ తర్వాతే దాని కళ్ళలో బాధ చూశాను.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. "ఎన్నాళ్ళ నుంచి బాధపడుతోందమ్మా?" అని అడిగింది. కుక్కని గురించే అడిగిందని తెలిసినా, నన్నే అడిగినట్టనిపించింది. మలద్వారానికి అటూ ఇటూ చిన్న సంచులుంటాయట. దొడ్డికి వెళ్ళినప్పుడు వాటిలో నీరు దానంతటదే పోవాలట. దీనికి పోక, గట్టిపడిపోయింది. డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని, దూది అడ్డం పెట్టి, నెమ్మదిగా నొక్కి తీసేసింది. గోధుమరంగు జిగురు. గదిలో ఉన్నవాళ్ళు బయటికి పరిగెత్తారు.

"నెలా నెలా నిండుతుంది. వదిలేస్తే చీముపట్టి పగులుతుంది. మీరే నేర్చుకోండి. వేలితో తడిమితే బఠాణీ గింజంత తగులుతుంది. ఆడవాళ్ళ చేతికి ఇట్టే తెలుస్తుంది" అంటూ నాలుగు జతల తొడుగులు చేతిలో పెట్టింది.

నెల తిరక్కుండానే కంపు మళ్ళీ వచ్చింది. ఆసుపత్రికి వెళ్తే, డాక్టరమ్మ ఊళ్ళలో పశువులకి టీకాలు వేయడానికి వెళ్ళిందన్నారు. ఆ సాయంత్రం మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. "సూడు హేమలతా, ఆదివారం మాపటికి ఈ కంపు పోవాల. నేదంటే నౌపడ ఉప్పుమడుల కాడ దింపేసి వత్తాను. షావుకారడిగితే పారిపోయిందంతాను." ఉప్పుమడుల దగ్గర మంచినీటి చుక్క దొరకదు. గిన్నెలో నీళ్ళు కాస్త పాతబడితేనే ముట్టని కుక్క ఇది. అలా అన్నవాడే అదే నోటితో, "సోమారం నుంచి కల్యాణినీ పన్లోకి అట్టుకెల్లు. పదో తరగతయిపోయింది గదా, కూకుని ఏటి సేత్తాది? షావుకారికి సెప్పేసినాను" అన్నాడు. నేను తలూపాను. నేనూ దాని వయసులోనే వెళ్ళాను. తలూపడం నాకు అలవాటైపోయింది.

ఆదివారం మధ్యాహ్నం పెరట్లో బట్టలుతికే బండ పక్కన స్వీటీని నిలబెట్టి, తొడుగులు వేసుకుని తడిమాను. ఏమీ తగల్లేదు. ఇటువైపు తడిమాను. మెత్తగా ఉందో గట్టిగా ఉందో తెలియడం లేదు. తొడుగులు అడ్డమనుకుని తీసేశాను. అసహ్యం నాకెప్పుడో పోయింది. వట్టి చేత్తో తడిమినా అంతే. వాపు కంటికి కనిపిస్తోంది, వేలికి తెలియడం లేదు. గుడ్డిగా నొక్కితే అది కెవ్వుమంది, నన్ను కరవలేదు. నా వైపు తిరిగి మోచెయ్యి నాకింది. అప్పుడు నా వేళ్ళకేసి చూసుకున్నాను. పెళ్ళికి ముందు నుంచీ పిక్కలు కొట్టిన వేళ్ళు. జీడి చమురు పడి కాలి, తోలు ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ కాలి, కొనలు నల్లగా నున్నగా బండబారిపోయాయి. వేడి గిన్నె పట్టుకారు లేకుండా దింపితే, "మా కోడలికి సేతులు కాలవు" అని అత్త నలుగురిలో చెప్పేది. నేనూ దాన్ని మెప్పే అనుకున్నాను.

"కుక్క ముడ్డి కాడ ఎంతసేపే?" అంది అత్త అరుగు మీద నుంచి.

"నాకు తెలియట్లేదత్తా. ఏదీ తగలట్లేదు."

"తెలకపోడానికేటుంది? తప్పుకో. ముగ్గుర్ని కన్నదాన్ని, నానెరగనా" అంటూ ముక్కుకి కొంగు కట్టుకుని వచ్చింది. కూర్చుని, వేలు పెట్టి, అటు నొక్కింది, ఇటు నొక్కింది. విసుగు మెల్లగా ఆమె మొహంలోంచి పోయింది. చెయ్యి తీసి, చీరకి తుడుచుకుని, మళ్ళీ పెట్టింది.

"నాకూ ఏటీ తెల్టం నేదే" అంది.

ఆమె కూడా నాకంటే ముందు అదే ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది. బండ పక్కన ఇద్దరం చేతులు చాపుకుని కూర్చున్నాం. ఒకే రకం వేళ్ళు. స్వీటీ మూలుగుతోంది. ఆటో వచ్చే వేళవుతోంది. ఏం చేయాలో తోచక నాకు ఏడుపొచ్చింది.

"జరుగమ్మా, నేను చూస్తాను" అని కళ్యాణి వచ్చింది. వద్దనేలోపే తొడుగు వేసుకుంది. దూది పెట్టి, కళ్ళు మూసుకుని తడిమింది. "ఇదిగో. గింజలాగే ఉందమ్మా. లోపల కదుల్తోంది. ఇటు గట్టిగా ఉంది, అటు కొంచెం మెత్తన. దీనికి నొప్పి ఇక్కడే... ఇక్కడ ముట్టుకుంటే ఒణుకుతోంది." నేను డాక్టరమ్మ నొక్కిన తీరు చెబుతుంటే, అది నెమ్మదిగా నొక్కింది. జిగురు దూదిలోకి దిగింది. కంపుకి అత్త దూరం జరిగింది. స్వీటీ ఒళ్ళు దులుపుకుని, కూర్చోవడానికి భయపడుతూ, నిదానంగా కూర్చుంది. మామూలు కుక్కలా కూర్చుంది.

"నీకు తెలీకపోతే నెలనెలా నేనే తీస్తాలేమ్మా" అంది కళ్యాణి సబ్బుతో చేతులు రుద్దుకుంటూ. ఆ మాటకి నేను సంతోషించలేకపోయాను. ఎవరికీ అక్కర్లేని పని ఈ ఇంట్లో ఎవరి చేతికి వచ్చి పడుతుందో నాకు తెలుసు. నురగలో దాని వేళ్ళు తెల్లగా, లేతగా ఉన్నాయి. రేపు ఈపాటికి వాటి మీద ఆముదం రాసి, జీడి చమురు అంటకుండా ఎలా పట్టుకోవాలో నేనే నేర్పుతూ ఉంటాను. ఎలా పట్టుకున్నా అంటుతుందని కూడా నాకు తెలుసు.

మా ఆయన వచ్చాడు. కవళ్ళ చేపల పులుసు వడ్డించాను. "కంపు పోయిందే! సూసినావా, నాను గట్టిగా సెప్తేగానీ నీకు పని నడవదు" అన్నాడు. కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి. వేళ్ళు మాత్రం, వెంట్రుకలాంటి ముల్లుని కూడా చూడకుండానే ఏరి, కంచం అంచున పెడుతున్నాయి. అంత తెలిసిన వేళ్ళు ఈ ఇంట్లోనే ఉన్నాయని నేనెప్పుడూ గమనించలేదు.

"రేపు ఎనిమిదికి ఇద్దరూ ఆటో ఎక్కేయండి" అన్నాడు.

"రేపు నేనొక్కదాన్నే వస్తాను మావా" అన్నాను. ఫోన్లో ఎవరో నవ్వుతున్నారు, ఆయనకి వినపడలేదు. గుమ్మం దగ్గర అత్త చేతులు రెండూ కొంగు కింద దాచుకుని కూర్చుంది, నన్నే చూస్తోంది. ఆయన ఎందుకని అడిగితే ఏం చెప్పను? కళ్యాణి వేళ్ళకి ఇంకా తెలుస్తోంది అంటే నవ్వుతాడు. తర్వాత నవ్వడు కూడా. నా మాట ఈ ఇంట్లో ఎప్పుడు నెగ్గింది గనక?

కంచంలో ఇంకో చేప వేసి, మళ్ళీ అన్నాను, ఈసారి వినపడేలా.