విస్తరాకు కుట్టేవాళ్లకు కత్తెర

గంగామణి నేల మీద కూర్చుని బీడీలు చుడుతోంది, నేను ఎనిమిదో తరగతి బెంచీ మీద ఉన్నాను, మా మధ్య గోడ ఉండాల్సిన చోట గోడ లేదు, బడి ఎక్కడ ముగిసి బీడీల కార్ఖానా ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు, తునికాకు వాసన మాత్రం రెండు చోట్లా ఉంది. గంగామణి చనిపోయి పదకొండు నెలలైందని నాకు తెలుసు. ఊపిరితిత్తులు పాడయ్యాయని విన్నాను, చూడటానికి వెళ్లలేదు. ఇప్పుడు దానికి పదమూడేళ్లు, నాకు యాభై ఆరు, అయినా ఇద్దరం ఒకే క్లాసు.

"ఎట్లున్నవే సుచరితా?" ఒళ్లో చాట దించకుండానే అడుగుతుంది.

"మంచిగనే ఉన్న. తెలుగు టీచరునైన."

"ఇన్న. సూసి రాసే పిల్లలను మస్తు కొడ్తవట గద?"

"కొట్టను, నిలబెడ్త, అంతే," అంటాను, గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు. అనేసరికి నేనే నిలబడి ఉన్నాను, ఎదురుగా వెంకటనర్సయ్య సారు, ఆయన చేతిలో వ్యాసరచన పోటీ కాగితాలు. కార్ఖానాలో పనికిరాని బీడీలు ఏరినట్టు ఒక్కొక్కటే చూసి కింద పారేస్తూ, చివరికి రెండు మిగుల్చుకుంటారు. ఒకటి నా గుండ్రటి రాతలో, ఒకటి గంగామణి వంకర రాతలో. రెండూ ఒకటే.

క్లాసులో సగం మందికి వ్యాసాలు సాపు రాసిచ్చేది నేనే. "నీ చెయ్యి మంచిగుంటది, జర రాసియ్యవే" అని గంగామణి తన చిత్తుకాగితం ఇచ్చింది. వాళ్లమ్మ బీడీలు చుట్టడం గురించి. చదువుతుంటే కుళ్లుకున్నాను, అంత బాగుంది. అమ్మను నానమ్మను చేశాను, బీడీలను విస్తళ్లు చేశాను, మిగతాదంతా పొల్లుపోకుండా దించి కింద నా పేరు రాసుకున్నాను. "తీరలేదే" అని దాని కాగితం దానికి తిరిగిచ్చాను. పాపం, అది ఆ చిత్తుకాగితమే సారుకు ఇచ్చుకుంది.

"ఎవరు రాసిండ్రు ఇది?" సారు అడుగుతున్నారు. నేను నోరు తెరవడం లేదు. "బీడీలు చేసేటోళ్ల పిల్లకు గింత భాష యాడికెళ్లొస్తది?" అని ఆయనే జవాబు చెప్పుకుని బెత్తం తీస్తారు. దెబ్బలు దాని చేతుల మీద పడుతున్నా బీడీ చుట్టడం మాత్రం ఆగడం లేదు.

"బడికి యాభై ఏండ్లు నిండినయని పుస్తకమేస్తున్నరట గద. దాంట్ల మల్ల గదే వ్యాసమట, నీ పేరు మీదనే," అంటుంది తల ఎత్తకుండా.

"ఇయ్యాల సాయంత్రం ప్రెస్సుకు పోతది. సిగ్గయితున్నదే గంగామణీ."

"అది సరే గని, ఒకటడుగుత. విస్తరాకు కుట్టేటోళ్లకు కత్తెరెందుకే?"

నవ్వుతుంది, నవ్వు దగ్గవుతుంది, చాలాసేపు దగ్గుతుంది. అప్పుడు నాకు తెలుస్తుంది. కత్తెర పట్టీ పట్టీ నానమ్మ బొటనవేలు కాయ కాసిందని వ్యాసంలో ఉంది. బీడీ ఆకును కత్తెరతో కోస్తారు, విస్తరిని పుల్లలతో కుడతారు. వాళ్లమ్మ వేలి కాయ నలభై మూడేళ్లుగా మా నానమ్మ వేలి మీద ఉంది, ఒక్కరూ పట్టుకోలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

"సారుకు నువ్వెందుకు జెప్పలే?"

"జెప్పిన. రెండుసార్లు జెప్పిన. నువ్వు కిటికీలకెళ్లి సూస్తనే ఉంటివి."

అవును, చూశాను. ఆ మర్నాటి నుంచి అది బడికి రాలేదు.

"నా పేరు కొట్టేస్త," అంటాను.

"కొట్టేస్తె అయిపాయెనా? ఎవరిదో రాయాలె గద."

నా చేతిలో కాగితం లేదు, తడి తునికాకు ఉంది. దాని మీద రాయడం మొదలుపెడతాను, నేను రాస్తుండగానే అది అలవాటుగా ఆకు అంచు కత్తిరించుకుంటూ వస్తోంది, కత్తెర అక్షరాల దాకా వస్తోంది, "ఆగవే, ఇంకా ఉంది" అంటాను, ఆగదు.

"మేడం, ప్రెస్సాయన వచ్చి కూసున్నడు."

స్టాఫ్‌రూము. మధ్యాహ్నం లీజరు పీరియడులో ప్రూఫు కాగితం మీదే తల వాల్చి నిద్రపోయాను. బల్ల పక్కన అటెండరు మల్లవ్వ నిలబడి ఉంది. ఎర్ర పెన్ను తీసి వ్యాసం కింద నా పేరు కొట్టేశాను. పక్కన గంగామణి అని రాశాను.

మల్లవ్వ వంగి చదివింది. "ఏ గంగామణి మేడం? మన బళ్లె ఎంతమంది గంగామణులు సదివిండ్రో."

ఇంటిపేరు రాద్దామని పెన్ను ఆనించాను. మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. దాని ఇంటిపేరు నాకు తెలియదు.