మన్యమెక్కిన మంచుబండి

నేను ఒక ఐస్‌క్రీమ్ వ్యాన్‌ని. రాజమండ్రిలో చంద్రకాంత ఐస్‌క్రీమ్ కంపెనీవాళ్లు నన్ను కొన్నప్పుడు నా రెండు పక్కలా మామిడిపండు రంగు బొమ్మలు వేయించారు. పెళ్లిళ్లకీ తీర్థాలకీ తిరిగేదాన్ని. నన్ను చూస్తే పెద్దవాళ్లు కూడా పెదాలు తడుపుకునేవారు. అంతకు మించిన బతుకు ఉంటుందనుకోలేదు.

ఆ ఊళ్లోనే ‘ఆసరా’ అనే స్వచ్ఛంద సంస్థ రక్తనిధి నడిపేది. దాన్ని చూసుకునే కాత్యాయని గారు ఓ రోజు మా యజమాని వరహాలరాజు గారి దగ్గరికొచ్చారు.

“మన్యం ఆసుపత్రులకి నెత్తురు ఐసుపెట్టెల్లో పంపుతున్నామండీ. ఎండాకాలం ఘాట్‌రోడ్డు ఎక్కేసరికి ఐసు కరిగిపోయి సగం పాడవుతోంది. నెత్తురిచ్చినవాళ్లకి నా మొహం ఎలా చూపించను?”

రాజుగారు మంగళ, శుక్రవారాలు నన్ను పంపుతానని కాగితం రాసిచ్చారు. నా గౌరవార్థం ఫొటో తీయించి, అందులో నేను కనబడకుండా అందరూ నా ముందే నిలబడ్డారు.

నా చలి మరీ ఎక్కువ. అందులో పెడితే నెత్తురు గడ్డకట్టిపోతుంది. కంపెనీ మెకానిక్ ఖాదర్ సాహెబ్ నాలో ఒక మీట బిగించాడు. అటు తిప్పితే ఐస్‌క్రీముకి, ఇటు తిప్పితే నెత్తురుకి.

ఆ మే నెలలో ఒక సోమవారం. నా నిండా పెళ్లివారి సరుకు. బయల్దేరబోతుంటే కాత్యాయని గారు పరుగున వచ్చారు.

“కొండమీద ఆసుపత్రిలో బుజ్జమ్మ అని ఓ కొండరెడ్ల పిల్ల ఉందండీ. కాన్పయ్యాక నెత్తురు ఆగట్లేదటండీ. కిందికి తెచ్చే పరిస్థితి లేదు. మా పెట్టెలన్నీ వేరే ఊరు వెళ్లాయి.”

“ఇవాళ సోమవారం కదమ్మా, ఒప్పందంలో లేదు” అన్నాడు మేనేజరు.

“ఒప్పందం రాసింది నేనేగా!” అన్నారు రాజుగారు. “సరుకు దింపండయ్యా. పెళ్లివారి కాళ్లు నేను పట్టుకుంటాను.”

దింపిన ఐస్‌క్రీమంతా ఆటోస్టాండువాళ్లు ఆరగించారు. ఖాదర్ సాహెబ్ మీట తిప్పి, నా తలుపులు బార్లా తీసి, తగినంత తగ్గేదాకా చలి కొలిచే గాజుగొట్టం పట్టుకుని నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఎండ కోసం నేను ఆశపడింది ఆ రోజే.

డ్రైవరు సత్తిరాజు ఆరు సంచుల నెత్తురుతో నన్ను కొండెక్కించాడు. మలుపు మలుపుకీ నా ఇంజను రొప్పింది గానీ ఆగలేదు. ఆసుపత్రి గుమ్మంలోనే నర్సు సంచులందుకుని లోపలికి పరుగెత్తింది. మేం బయట కాచుకున్నాం. పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ వచ్చింది.

“గట్టెక్కిందయ్యా. తల్లీ బిడ్డా ఇద్దరూ.”

సత్తిరాజు నా బానెట్ మీద తల ఆనించి ఏడ్చాడు. అది కాలిపోతున్నా తల తీయలేదు. నా గుండె ఉప్పొంగింది. బండికి గుండేమిటంటారా? ఆ కొండమీద కాసేపు నిలబడి చూడండి, తెలుస్తుంది.

మర్నాడే రాజుగారు కాగితంలో వారాలు కొట్టేసి, “ఎప్పుడవసరమైతే అప్పుడు” అని రాశారు. పదకొండేళ్లు ఆ మాట తప్పలేదు, ఆయనా, నేనూ.

ఇప్పుడు నా ఇంజను పూర్తిగా చచ్చుబడింది. నా పనికి రెండు కొత్త బళ్లొచ్చాయి. నిన్న నన్ను పాత ఇనుము కొట్టుకి లాక్కొచ్చారు. సాగనంపడానికి రాజుగారూ వచ్చారు, కాత్యాయని గారూ వచ్చారు.

“ఈ బండి ఎవరిదండీ?” అనడిగాడు కొట్టాయన, రసీదు పుస్తకం తెరిచి.

“మాదే” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.