దించుకున్న ఉత్తరాలు

ప్రసూతి వార్డులో పందొమ్మిదేళ్లు పెద్ద నర్సుగా చేసి, మర్నాడు రిటైర్ కాబోతున్న ఆవిడ ఆ పొద్దున తన ల్యాప్‌టాప్ పట్టుకుని కంప్యూటర్ల గదికి వెళ్లింది. ఆసుపత్రి ఇచ్చిన ఈమెయిల్‌ని ఏం చెయ్యాలో తేల్చి సంతకం పెట్టాలట.

ఆ సెక్షన్ చూసే అమ్మాయి కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

"రెండే దారులు మేడమ్. మెయిల్స్ ఇక్కడి సర్వర్లోనే ఉంచేస్తే, మీరు ఎక్కడినుంచైనా తెరిచి చదువుకోవచ్చు. కాకపోతే వాటిని ఆసుపత్రివాళ్లు ఎప్పుడైనా తనిఖీకి తీస్తారు. లేదంటే అన్నీ మీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుని ఇక్కడ చెరిపేయించుకోవచ్చు. అప్పుడు పూర్తిగా మీవే. కానీ అది పాడైందా, గోవిందా!"

"ఇక్కడే ఉండనీ అమ్మా. ఉన్నవే ఓ రెండొందలు. వాటికింత హడావిడి దేనికి?"

బిడ్డనెత్తుకుని ఇంటికి బయల్దేరే ప్రతి తల్లికీ ఆవిడ ఓ చీటీ మీద తన మెయిల్ అడ్రసు రాసిచ్చి, "వీడు నడిచిన రోజున నాకో ముక్క రాయి" అనేది. చాలామంది రాశారు. తొమ్మిదేళ్ల కిందట వార్డులో పాత కంప్యూటర్ కాలిపోయినప్పుడు, అందులోని ఉత్తరాలన్నీ పోయాయని ఎవరో అన్నారు. ఆ వారమంతా ఆవిడకి ముద్ద దిగలేదు. కొత్త కంప్యూటర్లోనూ ఏడాది దాటినవి కనిపించేవి కావు. అది యంత్రం బుద్ధి కాబోలని సరిపెట్టుకుంది.

అమ్మాయి తెర చూసి కళ్లజోడు సర్దుకుంది. "రెండొందలేంటి మేడమ్? ఆరువేల చిల్లర ఉంటేనూ!"

"వేళాకోళాలొద్దు. పాతవన్నీ కాలిపోలేదూ?"

"కాలింది కంప్యూటరే. ఉత్తరాలు మొదట్నుంచీ ఇక్కడే ఉన్నాయి. ఒక్క ఏడాదివే చూపించమని కొత్తదాంట్లో ఎవరో పెట్టి వదిలేశారు. అంతే."

పెద్ద నర్సు కుర్చీని తెరకి దగ్గరగా జరుపుకుంది. "ఏవీ, చూపించు" అంది.

అమ్మాయి ఆవిడ ల్యాప్‌టాప్‌కి తీగ తగిలించి ఏవో నొక్కింది. ఉత్తరాలు దిగడం మొదలైంది. పది, నలభై, మూడొందలు. కొత్తవాటి నుంచి పాతవాటికి, ఏడాది వెనక ఏడాది. 'నడిచింది!' 'మూడడుగులు వేసి పడ్డాడు.' 'మేడమ్, కవలలు ఇద్దరూ ఒకే రోజు!' వాటితో ఫోటోలు కూడా. కుర్చీ కోడు పట్టుకుని నిలబడ్డవాళ్లు, తండ్రి చెప్పుల్లో కాళ్లు దూర్చినవాళ్లు, ఏడుస్తున్న మొహాలు. ఈ చేతుల్లోకేనా వీళ్లందరూ వచ్చింది? ఆవిడ తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. ఒక ఊరికి ఊరే అడుగులేసుకుంటూ ఆ తెర మీదికి వస్తున్నట్టుంది. అమ్మాయి కూడా తన పని మరిచిపోయి పక్కనే నిలబడిపోయింది.

వాటిలో ఒక తల్లి ఉత్తరాలు ఏటా ఒకే తేదీన ఉన్నాయి. మొత్తం పదకొండు. ఇంటికి వెళ్లాక ఆమె బిడ్డ రెండు రోజులే బతికాడు. 'మా వాడు నడవలేదు. అయినా రాయమన్నారుగా మీరు. ఇవాళ్టికి ఉంటే మూడేళ్లు.' తర్వాతి దాంట్లో నాలుగు. ఆ తర్వాత అయిదు. పెద్ద నర్సు ప్రతిదానికీ జవాబు రాసింది. కానీ ఇలా అన్నీ ఒక వరసలో చూడటం ఇదే మొదలు.

కొంగుతో కళ్లు ఒత్తుకుని అడిగింది. "వీటిని కూడా తనిఖీకి తీస్తారంటావా?"

"తియ్యొచ్చు మేడమ్."

"అయితే అన్నీ నాకు దించేసి, ఇక్కడివి చెరిపేద్దాం. ఇవి నాకు రాసుకున్నవి, ఆసుపత్రికి కాదు."

"రేపేదైనా అయితే నన్ననకూడదు మరి."

"ఇంకో కాపీ కూడా తియ్యి. మా అక్క దగ్గర దాస్తాను. ఆవిడ దగ్గరికి వెళ్లిన వస్తువు తిరిగి రావడం కష్టమే గానీ, పోవడం మాత్రం ఉండదు."

అమ్మాయి పకపకా నవ్వింది.

అన్నీ దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. అమ్మాయి తీగ పీకేసి, "ఇప్పుడు తెరవండి, మీ దగ్గర నిజంగా ఉన్నాయో లేదో తేలిపోతుంది" అంది. ఆవిడ అక్కడక్కడా ఏడెనిమిది తెరిచింది. అన్నీ తెరుచుకున్నాయి. చిన్న డిస్కులోకి రెండో కాపీ కూడా తీశాక, సర్వర్లో చెరిపే మీట తానే నొక్కుతానంది. వేలు కాసేపు గాల్లోనే ఆగింది. నొక్కింది. ఆరువేల చిల్లర సున్నా అయింది. ఆవిడ ఒళ్లోని ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా పట్టుకుంది. పుట్టిన బిడ్డనైనా అంత జాగ్రత్తగా పట్టుకుందో లేదో.

సాయంత్రం ఇంట్లో, దర్జీ అయిన భర్త మెడలో టేపు తియ్యకుండానే సంగతంతా విన్నాడు. "ఆరువేల ఉత్తరాలా? ఎక్కడ పెడతావే, ఇంట్లో బీరువా కూడా ఖాళీ లేదు!"

ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి ఆయన ముందుకి జరిపింది. ఆయన ఒకటి చదివాడు. రెండోది చదివాడు. కుట్టాల్సిన చొక్కా మిషన్ మీదే ఉండిపోయింది. కాస్త జరిగి, భార్యకి పక్కన చోటిచ్చాడు.