గడప మీద నల్లగడి

విమలమ్మ పిలిచింది. కల్పలతకి వినపడలేదు. జరిగిన తప్పు అదే. మిగతాదంతా దాని తర్వాత వచ్చిందే.

ఆదివారం పొద్దున. చిలకలగూడలో ఆ వీధంతా ఎవరి గోలలో వాళ్లుండే వేళ. కింద ఇంట్లో మిక్సీ, అటు స్టేషన్ వైపు నుంచి రైలు కూత, మెట్ల దగ్గర వాచ్‌మన్ భద్రయ్య ఫోన్‌లో పాటలు. కల్పలత చాయ్ ముందు పెట్టుకుని, పేపర్‌ని నాలుగు మడతలు వేసి పదాల పజిల్ నింపుతోంది. ఆదివారం పజిల్ పెద్దది. ఆమె పెన్సిల్ వాడదు. కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు, రాసింది కొట్టేసే అలవాటు లేదు.

మొగుడు యుగంధర్ విడాకులు తీసుకుని తిరుమలగిరిలో ఇంకో కాపురం పెట్టినప్పుడు, అతని తల్లి విమలమ్మ మాత్రం కదల్లేదు. "నా మంచం ఈడనే ఉంది. నేను ఈడనే ఉంటా" అంది. కల్పలత ఉండమనలేదు, పొమ్మనలేదు. అలా అత్తాకోడళ్లిద్దరూ ఒకే ఇంట్లో చెరో గదిలో మిగిలారు.

చిక్కల్లా విమలమ్మ నోటితోనే. లేచిన దగ్గర్నుంచీ మాటే. నాలుగక్షరాల నది పేరు నాలుక చివరిదాకా వచ్చేసరికి లోపల్నుంచి "లతా, గీ ఫ్యాను కిర్రుకిర్రుమంటుంది, ఇంటున్నవా?" అని వినపడేది. నది ఎటో పోయేది. ఓ రోజు కల్పలత పజిల్‌లోని నల్లగడి ఒకటి తీసుకెళ్లి అత్తగారి గది గడప మీద పెట్టేసింది.

పజిల్‌లో ఆఖరి అక్షరం వేయగానే పేపర్లోంచి ఒక నల్లగడి ఊడి కింద పడుతుంది. పడ్డప్పుడు గోరంత. చాయ్ తాగి గ్లాసు కడిగేలోపు అరచేయంత అవుతుంది. పజిల్‌లో నల్లగడి దగ్గర పదం ఆగినట్టే, అది పెట్టిన చోట మాట ఆగుతుంది, ఎటు నుంచి వచ్చినా సరే. ఆ బిల్డింగులో పజిల్ పూర్తిగా నింపేది కల్పలత ఒక్కతే కాబట్టి, అవసరం పడ్డవాళ్లు ఆమె తలుపే కొట్టేవారు.

"అక్కా, రెండు నల్లవి ఇస్తారా? ఎదురు ఫంక్షన్ హాల్లో బ్యాండు మొదలెట్టేశారు, పిల్లకి రేపు లెక్కల పరీక్ష" అంటూ వచ్చేది కింద ఇంటి టీచరు గ్లోరియా. పాత పేపర్లు కొనే అతనొక్కడే గొణిగేవాడు. "గిన్ని చిల్లులుంటే పొట్లాలకు సుత పనికిరాదమ్మా." మిగిలిన గళ్లని కల్పలత బిస్కెట్ల డబ్బాలో వేసి పెట్టుకునేది.

ఆ ఆదివారం నిలువులో ఇంకొక్కటి ఉందనగా కాలికి తడి తగిలింది. అత్తగారి గదిలోంచి నీళ్లు. మాట దాటలేని గడపని నీళ్లు దాటేశాయి. నల్లగడిని ఎత్తి, తేలించుకుంటూ హాల్లోకి తెచ్చాయి. వెనకే, అన్నిటికంటే చివర ఆగిన మాట ముందుగా బయటపడింది.

"లతా... పడ్డనే... లతా!"

గదిలోని బాత్రూంలో, పొర్లుతున్న బకెట్ పక్కన విమలమ్మ పడి ఉంది. తుంటి విరిగింది. భద్రయ్య, గ్లోరియా పరుగెత్తుకొచ్చారు. అంబులెన్స్ కోసం ఫోన్ చేసి, కల్పలత అత్తగారి తల ఒళ్లో పెట్టుకుంది.

"ఎంతసేపయింది అత్తమ్మా?"

"నీ గళ్లు అయిపోయినయా?" అంది విమలమ్మ.

అది ఎత్తిపొడుపో అలవాటో కల్పలతకి తెలియలేదు.

సాయంత్రం ఆస్పత్రి నుంచి చీరల కోసం ఇంటికొస్తే, గడప దగ్గర ఇన్నాళ్లూ ఆగిన మాటలు ఇంకా వస్తూనే ఉన్నాయి. కొత్తవి ముందు, పాతవి తర్వాత.

"వానొచ్చేటట్టుంది, గొడుగు తీస్కపో."

"పెరుగు తోడేసిన, గిన్నె కదపకు."

"ఆ దగ్గేంది, ఇంకా తగ్గలే?"

"లతా, నిద్ర పడ్తలేదు. నువ్వు లేచే ఉన్నవా?"

"ఏమో, ఇంటున్నవో లేదో."

కల్పలత తడి నేల మీదే కూర్చుంది. ఇంట్లో మనిషి లేదు, మాటలు మాత్రం ఉన్నాయి. వేటికీ ఇప్పుడు జవాబు చెప్పే వీల్లేదు. ఆ వానలు ఎప్పుడో కురిసిపోయాయి. ఆ దగ్గు మందు వేసుకోకుండానే తగ్గింది. ఒంటరిగా ఉన్నానని ఇన్నాళ్లూ అనుకుంది గానీ, అలా ఉండడానికి తనే రోజూ పొద్దున్నే కూర్చుని పని చేస్తోందని అనుకోలేదు. చీకటి పడేసరికి మాటలు పలచబడి, గడప ఊరుకుంది. ఆ నిశ్శబ్దం ఆమె కోరుకున్నదే. ఇల్లంతా దానిదే అయింది.

విమలమ్మని ఇంటికి తెచ్చిన రోజే యుగంధర్ బత్తాయిల సంచి పట్టుకుని వచ్చాడు.

"అమ్మను నేను తీస్కపోతున్న. కింద కారుంది. నువ్వు చూసుకున్న సంబడం చూసినం గద."

అతనన్నదాంట్లో తప్పేముంది? ఉండండి అత్తమ్మా అనాలని కల్పలతకి ఉంది. అనడానికి మొహం లేదు. లోపలికెళ్లి విమలమ్మ బట్టలు మడతపెట్టి సంచిలో సర్దింది. ఈ సంచి మెట్లు దిగితే ఈ ఇంట్లో ఇక తనూ పేపరూ మిగులుతారు.

హాల్లో కుర్చీలో, వాకర్ ముందు పెట్టుకుని కూర్చున్న విమలమ్మ పిలిచింది.

"లతా, నీ డబ్బాల నల్లదొకటి ఉంటే పట్టుకరా."

కల్పలత చేయి సంచి మీదే ఆగిపోయింది. ఇక అత్తగారు తన మాట వినదలచుకోలేదన్నమాట. న్యాయమే. డబ్బా మూత తీసి, ఒకటి తెచ్చి ఇచ్చింది.

విమలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "జెర ఇటొచ్చి నిలబడు" అని కోడల్ని తన వైపుకి జరిపి, నల్లగడిని తనకీ కొడుక్కీ మధ్య నేల మీదకి జారవిడిచింది.

యుగంధర్ పెదాలు కదులుతున్నాయి. చేతులు ఊపుతున్నాడు. వేలు పెట్టి కల్పలతని చూపిస్తున్నాడు. ఒక్క ముక్క వినపడడం లేదు.

"సౌండ్ తీసేసిన సీరియల్ లెక్క ఉన్నడు" అంది విమలమ్మ.

అతను వంగి గడిని తీయబోయాడు. విమలమ్మ వాకర్ కాలు దాని మీద ఆనించి, తల అడ్డంగా ఊపింది. అతను బత్తాయిలు టీవీ పక్కన పెట్టి మెట్లు దిగిపోయాడు.

కల్పలత సంచిలోంచి చీరలు ఒక్కొక్కటే బయటికి తీసింది.

"మీ గడప మీద ఒకటుందని మీకు తెలుసా, అత్తమ్మా?"

"ఎర్కలేకేంది? నా గది ఊడ్చుకునేది నేనే గద."

"మరి తీసెయ్యలేకపోయారా?"

"నువ్వు పెట్టింది నేనెందుకు తీస్త?"

మర్నాడు పొద్దున కల్పలత ఎప్పట్లాగే పేపర్ మడతపెట్టి కూర్చుంది. అడ్డం అయింది, నిలువూ అయింది. ఒక్క గడి మిగిలింది. లోపల్నుంచి కేక. "లతా, గీ బత్తాయిలు ఉత్త పులుపే! వానికి ఏరుడు సుత రాదు."

"ఉప్పు వేసుకోండి" అని కేకేసి, కల్పలత పెన్నుకి మూత పెట్టింది. డబ్బాలో ఉన్న నల్లగళ్లన్నీ తీసుకెళ్లి గ్లోరియా చేతిలో పోసింది. "ఇవే ఆఖరు."

మళ్లీ పరీక్షలొచ్చాయి. "ఒక్కటైనా లేదా అక్కా?" అంటూ గ్లోరియా తలుపు కొట్టింది. లేదంది. పేపర్లు కొనే అతను సంతోషపడ్డాడు. విమలమ్మ మాట తగ్గలేదు, కల్పలతకి చిరాకూ తగ్గలేదు. కొన్ని పొద్దుల్లో పెన్ను ఆ మిగిలిన గడి దాకా వెళ్లి ఆగుతుంది. అందులో ఏ అక్షరం పడాలో ఆమెకి తెలుసు.

వేయదు.