కట్టని అంతస్తు నీడ

పొద్దున్నే కుట్టు మిషను ముందు కూర్చోవడం దర్జీ అక్కకి పాత అలవాటు. కూర్చున్న దగ్గర్నుంచి చెల్లెల్ని తిట్టుకోవడం మాత్రం కొత్తది. పక్కనున్న ఖాళీ స్థలంలో నాలుగంతస్తుల అపార్టుమెంటు కడతారనీ, లాటరీలో పై అంతస్తు ఇల్లు చెల్లెలికి తగిలిందనీ తెలిసిన రోజున మొదలైంది.

అక్క విడిచిన గౌన్లు తొడుక్కుని పెరిగిన పిల్ల. పెళ్లయ్యాక కూడా కిటికీ లేని అద్దె గదిలోనే కాపురం. పెరడున్న ఇల్లు అమ్మ అక్కకే ఇచ్చింది. అలాంటిది, ఇప్పుడు ఏకంగా వచ్చి నెత్తిమీద కూర్చుంటుందట! అక్క కళ్లల్లో నిప్పులు పోసుకుంది. పర్యావరణ సమీక్ష కార్యాలయానికి వెళ్లి అప్పీలు పడేసింది. ఇల్లు లేస్తే అక్కడి కప్పలకి దిక్కుండదని రాయించింది. వాటి గోలకి నిద్రపట్టక రోజూ శాపనార్థాలు పెట్టేది ఆవిడే. తన పెరట్లోకి ఎండ రాదని కూడా రాయించింది. ఈ మాట మాత్రం నిజం. కొన్నాళ్లుగా ఆవిడకి సూదిలో దారం ఎక్కాలంటే నిండు ఎండ కావాలి. ఈ సంగతి ప్రాణం పోయినా ఎవరికీ చెప్పదు.

నీడ అప్పుడే వచ్చేసింది కూడా. ప్లాను దాఖలు చేసిన మర్నాడే, ఇంకా కట్టని అంతస్తుల నీడ పెరట్లో వాలింది. ఆ ఊళ్లో ఏ ఇంటికైనా ముందు నీడే వస్తుంది, గోడలు తర్వాత. అవతలి ఇంటివాళ్లు హాయిగా ఆ చల్లదనంలో మంచం వాల్చుకున్నారు.

అక్క మాత్రం మధ్యాహ్నం పూట పై అంతస్తు నీడ దగ్గరే కాపలా కాసేది. బాల్కనీ, ఆరేసిన బట్టలు, వాటి మధ్య రేపు అక్కడ ఉండబోయే చెల్లెలు, అన్నీ నీడలే. అంతవరకైతే సహించేదేమో. చెల్లెలి పక్కన కుట్టు మిషను ముందు ఇంకో ఆడమనిషి కూర్చుని ఉంది. చెల్లెలు ఆవిడకి మంచినీళ్లు అందిస్తుంది, తల దువ్వుతుంది, సూదిలో దారం ఎక్కించి మరీ ఇస్తుంది.

"సొంత అక్కని నేనుండగా ఇంకో దర్జీనా!" అని అక్క కుళ్లిపోయింది. వీధిలో ఆడవాళ్లందరి భుజాలూ ఆవిడ టేపు కింద నుంచి వెళ్లినవే. నీడలో మిషను ముందున్న ఈ వంకర భుజం ఎవరిదో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. తన జాకెట్లు పాత జాకెట్టు ఆదిగా పెట్టుకుని కుట్టుకోవడమే తప్ప తన ఒంటికి ఏనాడూ టేపు పెట్టుకోలేదు.

విచారణ రోజున అధికారి పెరట్లోకే వచ్చాడు. చెల్లెల్నీ పిలిపించాడు. నీడంతా కొలిచి, పై అంతస్తు తీసేస్తే చాలు, ఎండకి ఢోకా లేదన్నాడు.

"తీసేయమంటారామ్మా?"

"తీసేయండి" అంది అక్క, చెల్లెలి మొహం చూడకుండా.

ఆయన ప్లాను మీద పెన్సిలు గీత లాగాడు. నీడ పైనుంచి పల్చబడటం మొదలైంది. ఆరేసిన బట్టలు పోయాయి. మిషను ముందున్న మనిషి లేచి నడుం మీద చెయ్యేసుకుంది.

చెల్లెలు పోట్లాడలేదు. ఆ నీడనే చూస్తూ, "ఆ కుడి భుజం చూడక్కా, ఎలా జారిందో. చిన్నప్పట్నుంచీ నీ వెనకే నడిచినదాన్ని, నాకు తెలీదా?" అంది.

అక్క పక్కకి చూసింది. గోడవార మిగిలిన కాస్త ఎండలో తన నీడ పడి ఉంది. నడుం మీద చెయ్యి. జారిన కుడి భుజం. ఇన్నాళ్లూ తనని చూసే తను ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చెల్లెలి పక్కన ఆ నీడ కరిగిపోతోంది.

"ఆ గీత చెరిపేయండి బాబూ" అంది.

"మరి మీ ఎండ?"

"పైన ఉంటుందిగా. కప్పలకి మాత్రం ఓ గుంట వదలమనండి."

రబ్బరు కదిలింది. నీడ చిక్కబడి పెరడంతా కమ్ముకుంది. అక్క జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి, దారంతో పాటు చెల్లెలి ముందుకి చాపింది.

"ఎక్కించు."

ఎప్పట్నుంచని చెల్లెలు అడగలేదు. దారం కొస తడిచేసి ఎక్కించి ఇచ్చింది.

"ముడి నేను వేసుకోగలను" అంది అక్క.